హ్యాండిల్ గొరిగిన ట్రక్కు

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఈసారి మిరప లేదు, మందుల సంగతి లేదు. అమెరికాలో మా అల్లుడుగారి పాత బండికి కరెంటుతో తలుపులు తెరుచుకునే ఏర్పాటు చేశాం, దాని గురించి. పోస్టు పెద్దదే, ఓపికుంటే చదవండి. స్టార్టర్ డబ్బా విప్పి కాంటాక్టులు గీకే అలవాటున్న ప్రతి రైతుకీ ఇది అర్థమవుతుంది, అందుకే ధైర్యంగా రాస్తున్నా.

ముందు ట్రక్కు అనే మాట సంగతి. మనవైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. అక్కడ ట్రక్కు అంటే పికప్పు. ముందు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక ఖాళీ తొట్టి. అల్లుడుగారిది 1969 షెవర్లే సి10. 1967 నుంచి 1972 దాకా ఒకే రూపంలో వచ్చిన రకం అది. రెండే తలుపులు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే సీటు. ఆ రోజుల్లో అక్కడి రైతులు గడ్డికట్టలూ దాణా బస్తాలూ మోసిన బండ్లు ఇవి. యాభై ఏళ్ళు దాటాక ముచ్చట బండ్లయి కూర్చున్నాయి. కొన్నవాళ్ళు వీటిలో బస్తా వేయరు, వర్షంలో బయటకి తీయరు.

ఈ ముచ్చటలో ఒక భాగం, బయట తలుపు హ్యాండిళ్ళు పీకేసి, ఆ చిల్లులకి రేకు అతికి, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు నున్నగా చేసి రంగు కొట్టడం. దీన్ని వాళ్ళు షేవింగ్ అంటారు. అవును, గడ్డం గీయడమే. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పేర్ల బిళ్ళలు, మెరుపు పట్టీలు, హ్యాండిళ్ళు అన్నీ గొరిగేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలో పాత కార్లు కొనుక్కున్న కుర్రాళ్ళతో ఈ పిచ్చి బాగా పెరిగింది. లాస్ ఏంజిలిస్ వైపు శామ్ బారిస్, జార్జ్ బారిస్ అనే అన్నదమ్ములు ఈ పనిలో పేరు మోశారు. 1966లో టీవీలో వచ్చిన బ్యాట్‌మాన్ కారు తయారు చేసింది ఈ జార్జ్ బారిసే. అప్పట్లో ఇప్పటి పుట్టీలు లేవు, చిల్లుల మీదా అతుకుల మీదా సీసం కరిగించి పూసి నున్న చేసేవారు. అందుకే అలాంటి కార్లకి సీసపు స్లెడ్జి బండ్లు అని పేరు పడింది.

మనకి దీనికి పూర్తిగా ఎదురు అలవాటు. మా ఊళ్ళో కొత్త ట్రాక్టరు దిగితే కుచ్చులు, దండలు, అదనపు లైట్లు, పేర్లు, నిమ్మకాయలు, నాలుగు రకాల హారన్లు. ఎద్దులైతే కొమ్ములకి రంగు, మెడకి గంటలు, మువ్వల పట్టెడ. తగిలించడమే మనకి అలంకారం. వీళ్ళకి తీసేయడం అలంకారం. ఇది అర్థమయ్యేదాకా అల్లుడుగారి బాధ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆ తలుపు మీద చెయ్యి రాస్తే ఎక్కడా ఏదీ తగలకుండా నున్నగా జారిపోతుంటే, దున్ని గొర్రు తోలిన చేను చూసినట్టే అనిపించింది. బాగుంది. కాదనను.

మిరపకోతలు అయ్యాక, ఏప్రిల్లో నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరకి వెళ్ళాం. డాలస్ పక్కన ఉంటారు. చేను తమ్ముడికి అప్పజెప్పాను. అక్కడ మగవాడికి పని ఉండదు. పొద్దున నడక, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మనవడిని పార్కుకి తీసుకెళ్ళడం. వాడికి అయిదేళ్ళు. పదిరోజులకే పిచ్చెక్కింది. ఆ టైంలో అల్లుడుగారు వారాంతంలో గ్యారేజీ తలుపు ఎత్తి, ఆ ట్రక్కు డోరు లోపలి అట్ట విప్పుతూ కనిపించారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. అల్లుడి పనిలో మామ వేలు పెట్టకూడదని మా నాన్న చెప్పేవాడు కాబట్టి మొదటి రోజు టార్చి మాత్రం పట్టుకున్నాను.

కిట్టు అట్టపెట్టెలో వచ్చింది. రెండు సోలనాయిడ్లు, నాలుగు రిలేలు, ఒక రిసీవర్ డబ్బా, రెండు రిమోట్లు, స్టీలు తీగ, బిగింపులు, రెండు స్ప్రింగు గూటాలు. ఆ సోలనాయిడ్ చేతిలోకి తీసుకోగానే పాత చుట్టం ఎదురైనట్టయింది. మన ట్రాక్టరు సెల్ఫ్ మోటారు నెత్తిన కూర్చుని ఉండేది ఇదే కదా. తాళం తిప్పితే 'ఠక్' మంటుంది. బ్యాటరీ డౌనయితే 'టిక్ టిక్ టిక్' మని ఏడుస్తుంది. రాగి తీగ చుట్ట, మధ్యలో ఇనప కడ్డీ. కరెంటిస్తే చుట్ట అయస్కాంతమై కడ్డీని లోపలికి గుంజుతుంది. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ని లాగి పట్టుకునే కాయిలూ ఇదే జాతి. తేడా ఏంటంటే మన కాంటాక్టరు కాయిల్ మోటారు తిరిగినంతసేపూ పట్టుకుని ఉండాలి, దీని పని ఒక్క క్షణం. రెండు మూడు సెకన్లు వరసగా నొక్కి ఉంచితే వేడెక్కి కాయిల్ వాసనొస్తుంది.

బలం పౌండ్లలో చెబుతారు. 40 అనీ 50 అనీ రకరకాలుగా ఉంటాయి. 50 పౌండ్లంటే సుమారు 23 కిలోల లాగుడు. అంత బలం 12 వోల్టుల మీద రావాలంటే కరెంటు బాగా తాగుతుంది. ఆ క్షణంలో 20, 30 ఆంపియర్లు. పోల్చుకోండి, మన 5 హెచ్‌పీ మోటారు ఫేజుకి 7, 8 ఆంపియర్లే తీసుకుంటుంది. వోల్టేజీ తక్కువైనప్పుడు పని జరగాలంటే ఆంపియర్లు పెరగాలి, ఆంపియర్లు పెరిగితే తీగ లావుండాలి. లో వోల్టేజీ రోజుల్లో మోటార్లు కాల్చుకున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అల్లుడుగారు సాఫ్ట్‌వేరు మనిషి, సన్న తీగ తెచ్చారు. "బాబూ, ఇది స్పీకరుకి బాగుంటుంది" అన్నాను. అంతే అన్నాను. మర్నాడు లావు తీగ వచ్చింది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు. ఫ్యూజు డోరు దగ్గర పెడితే, మధ్యలో తీగ ఎక్కడ ఒరుసుకుపోయినా కాపలా ఉండదు.

రిలే సంగతి మీకు తెలిసిందే. రిమోట్ డబ్బా నుంచి వచ్చే చిన్న కరెంటు 85, 86 కాళ్ళకి. బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు 30కి వచ్చి 87 నుంచి సోలనాయిడ్‌కి పోతుంది. ఇంకో కాలుంది, 87ఏ. అది రిలే నిద్రలో ఉన్నప్పుడు కలిసి ఉంటుంది, రిలే లేస్తే విడిపోతుంది. దాన్ని ఏం చేశామో కింద చెబుతా, కథంతా అక్కడే తిరిగింది.

కరెంటు పని కంటే మెకానిక్ పనే ఎక్కువ టైం తిన్నది. ఎవరైనా చేసేవాళ్ళుంటే ఇది గుర్తుంచుకోండి. సోలనాయిడ్ ఎంత బలమైనదైనా, గడియ బిగుసుకుపోయి ఉంటే ఏమీ చేయలేదు. యాభై అయిదేళ్ళ బండికి తలుపు బందులు అరిగి, తలుపు కిందకి వాలి ఉంది. వాలిన తలుపుని చేత్తో కొంచెం పైకెత్తి తెరవడం మనిషికి తెలుసు, సోలనాయిడ్‌కి తెలియదు. అందుకని ముందు బందుల పిన్నులు, బుష్‌లు మార్చి, తలుపు నిలబెట్టి, అది తగిలే కొక్కెం సరిచేశాం. గడియ విప్పి కిరసనాయిల్లో నానబెట్టాం. నల్లగా మడ్డి దిగింది. తెల్ల గ్రీజు పెట్టి మళ్ళీ బిగించాక ఒక్క వేలితో పడింది. ఇక్కడే సగం పని అయిపోయినట్టు.

తీగ లాగే దిక్కు రెండో సంగతి. సోలనాయిడ్ కడ్డీ నిటారుగా ఎటు కదులుతుందో గడియ మీట కూడా అటే కదలాలి. వాలుగా లాగితే కడ్డీ పక్క గోడకి రాసుకుని సగం బలం అక్కడే పోతుంది. దానికంటే ముఖ్యం తీగలో వదులు. కడ్డీ పూర్తిగా బయటకి ఉన్నప్పుడు లాగుడు చాలా తక్కువ, లోపలికి పోయేకొద్దీ పెరుగుతుంది. ప్రయాణం మొత్తం అంగుళమో అంగుళంన్నరో. తీగ మరీ బిర్రుగా కడితే గడియ పూర్తిగా మూసుకోదు, నడుస్తుంటే తలుపు ఊడుతుంది. మరీ వదిలేస్తే అంగుళంలో సగం వదులు పీల్చుకోవడానికే సరి. పేకముక్క మందం వదులు దగ్గర కుదిరింది. దానికి ఒక ఆదివారం పట్టింది. ఇంకో ఆదివారం అద్దం తిన్నది. బిగించాక అద్దం పూర్తిగా దింపితే సోలనాయిడ్‌కి తగిలింది, మళ్ళీ విప్పి పట్టీ మార్చాం. అద్దం దింపి చూడకుండా ఏదీ గట్టిగా బిగించకండి.

హ్యాండిల్ లేదు కాబట్టి గడియ ఊడినా తలుపు అక్కడే ఉంటుంది, లాగడానికి పట్టు లేదు. అందుకే స్ప్రింగు గూటం. తలుపు చట్రంలో బిగిస్తారు, గడియ ఊడగానే తలుపుని రెండు వేళ్ళు దూరేంత బయటకి తోస్తుంది. రబ్బరు పట్టీ కొత్తదైతే అది కూడా కొంచెం తోస్తుంది. క్యాబిన్ నుంచి తలుపులోకి తీగ పోయేచోట రబ్బరు గొట్టం తప్పనిసరి, లేకపోతే తెరిచీ మూసీ ఆరు నెలల్లో తీగ తెగుతుంది. మోటు దగ్గర ఊగే కేబుల్‌కి చుట్టూ పాత ట్యూబు ముక్క చుడతాం చూడండి, అదే.

హ్యాండిల్ చిల్లు పూడ్చడం ఆ పక్కవీధిలో ఉండే ఒక రిటైరైన మెకానిక్ పెద్దాయన చేసి చూపించాడు. చిల్లుకి సరిపోయే రేకు ముక్క కోసి, ఈ మూల ఒక చుక్క వెల్డింగు, ఆ మూల ఒక చుక్క, ఆగడం, గాలి కొట్టడం, మళ్ళీ ఇంకో చుక్క. వరసగా లాగితే రేకు వేడికి అప్పడంలా వంకర పోతుందట. ఆయన ఓపిక చూస్తే ముచ్చటేసింది. మా ఇద్దరికీ భాష కుదరలేదు గానీ పని కుదిరింది. ఆయన ఒక మాట చెప్పాడు, అల్లుడుగారు నాకు తెలుగులో చెప్పారు: కరెంటు పని నెలరోజులు నమ్మకంగా నడిచాకే హ్యాండిల్ పీకాలి. బోరు నిలబడే దాకా పాత బావి పూడ్చవద్దన్నట్టు. అందుకని మొదట డ్రైవరు వైపు పని మొదలుపెట్టాం, రెండో వైపు హ్యాండిల్ ఉంచాం.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాటరీ డౌనయితే?

నేను మొదటి వారమే అడిగాను, మెల్లగానే. "బాబూ, కరెంటు లేనప్పుడు ఎలాగండీ?" అల్లుడుగారు, "మావయ్యగారూ, కొత్త బ్యాటరీ వేశాం కదా, బానెట్ బయట నుంచే తెరుచుకుంటుంది, చార్జి పెట్టుకోవచ్చు" అన్నారు. తప్పు లేదు. నేను మాత్రం ఒక క్లచ్ వైరు లాంటిది గడియకి కట్టి, క్యాబిన్ కిందకి దించి, ఎవరికీ కనపడని చోట ఒక ఉంగరం వేలాడదీద్దామన్నాను. కరెంటుతో సంబంధం లేకుండా లాగితే ఊడిపోయేది. ఆయనకి అంత నచ్చలేదు. ఉంగరానికి ఇంకో చిల్లు వేయాలి, నీళ్ళు పోతాయి, తుప్పు పడుతుంది. నేనింకా మాట్లాడలేదు. మామ మాట రెండోసారి వస్తే అది సలహా కాదు, పోరు.

జూన్‌లో ఒక శనివారం పాత బండ్లవాళ్ళంతా ఒక షాపింగ్ సెంటర్ ముందు చేరారు. మమ్మల్ని కూడా తీసుకెళ్ళారు. అక్కడ ఒకాయన బండి, మాదానికంటే పాతది, గాజుగాజులా ఉంది. చుట్టూ మనుషులు ఫోటోలు తీస్తున్నారు. కాసేపటికి ఆ గుంపు తీరు మారింది. తలుపులు తెరుచుకోవట్లేదు. రిమోట్ నొక్కితే చప్పుడే లేదు. తాళంచేతులు లోపల. బ్యాటరీ కూడా లోపలే, అందం కోసం బానెట్ కింద నుంచి తీసి సీటు వెనక పెట్టుకున్నాడు. బానెట్ కూడా కరెంటుదే. సీటు మీద ఆయన ముసలి కుక్క. ఎండ 100 ఫారెన్‌హీట్, అంటే మన 38. అద్దం రెండు వేళ్ళంత దించి ఉంది, అంతకు మించి లేదు. కుక్క నాలుక బయటపెట్టి ఆయననే చూస్తోంది. ఆయన చక్రం స్పానరు తెచ్చి అద్దం పగలగొట్టబోతుంటే ఇంకొకాయన ఆపి, వీపు మీద బండి కిందకి దూరాడు. చార్జింగు వైర్లు అందించమన్నాడు. సెల్ఫ్ మోటారు మీదకి బ్యాటరీ నుంచి లావు తీగ వస్తుంది కదా, ఆ బోల్టుకి పాజిటివ్, ఛాసిస్‌కి నెగెటివ్ తగిలించాడు. పక్క బండి కరెంటు ఆ తీగలోంచి వెనక్కి వెళ్ళి మొత్తం బండికి అందింది. రిమోట్ నొక్కితే ఠక్. అందరూ చప్పట్లు. కుక్క దిగి నీళ్ళు తాగింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో అల్లుడుగారు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే క్యాబిన్ కింద పడుకుని ఉన్నారు. నేను చెప్పిన వైరూ ఉంగరమూ పెట్టారు, దాంతో ఆగకుండా ఛాసిస్ లోపలి వైపు రబ్బరు మూతతో ఒక బోల్టు కూడా పెట్టారు, ఫ్యూజుతో. బయట బ్యాటరీ దానికి తగిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. నా ఉపాయం కంటే అది మంచిదనే అనిపించింది. తీగకి తుప్పు పడుతుంది, బోల్టుకి గ్రీజు పెట్టుకోవచ్చు.

ఆ 87ఏ సంగతి కూడా అప్పుడే పూర్తి చేశారు. రిమోట్ జేబులో నొక్కుకుపోయి, నడుస్తుండగా తలుపు తెరుచుకుంటే? సీటుకి నడుము బెల్టు తప్ప వేరే లేదు. అందుకని తాళం ఆన్ చేయగానే ఇంకో రిలే లేచి, రిమోట్ నుంచి వచ్చే తీగని తెంపేస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ బయట నుంచి రిమోట్ పనిచేయదు. లోపలి హ్యాండిళ్ళు మామూలువే, కరెంటుతో పని లేదు, ఎప్పుడైనా తెరుచుకుంటాయి. పకడ్బందీగా ఉందని ఇద్దరం సంతోషపడ్డాం. ఇంక రెండో వైపు హ్యాండిల్ కూడా పీకేద్దామని ముహూర్తం పెట్టుకున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఇదంతా అమ్మాయికి వివరిస్తున్నారు. అది వింటూ పిల్లాడికి పెరుగన్నం కలుపుతోంది. కలపడం ఆపి అడిగింది. "యాక్సిడెంట్ అయినప్పుడు తాళం ఆన్‌లోనే ఉంటుంది కదా?"

ఎవరం మాట్లాడలేదు.

"లోపలున్నవాళ్ళకి స్పృహ లేదనుకో. రోడ్డు మీద పోయేవాడు ఎవడో పరిగెత్తుకొస్తాడు. వాడికి మీ ఉంగరం తెలుసా, బోల్టు తెలుసా? నాన్నా, మీరు చెప్పండి, వాడు ఏం పట్టుకుని లాగుతాడు?"

అల్లుడుగారు, అద్దం పగలగొడతారు అన్నారు. "దేంతో?" అంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఆ సి10 బండ్లకి పెట్రోలు ట్యాంకు కంపెనీ వాళ్ళు పెట్టింది ఎక్కడో తెలుసా, క్యాబిన్ లోపల, సీటు వెనకే. సుమారు 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు, మనిషి వీపు వెనక. 1973 మోడల్ నుంచి అక్కడ తీసేశారు. చాలామంది పాత బండ్లలో కూడా దాన్ని వెనక తొట్టి కిందకి మార్చుకుంటారు. మా బండిలో ఇంకా మార్చలేదు. ఆ సీటు మీద మధ్యలో కూర్చునేది మా మనవడు.

అమ్మాయి అడిగిన ప్రశ్నే అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతోంది. మేం ఆలోచించిందంతా బండి గలవాడి గురించి. వాడు లోపల ఇరుక్కుంటే ఎలా, వాడి తాళాలు లోపల ఉండిపోతే ఎలా. దానికి రిమోటుంది, ఉంగరముంది, బోల్టుంది, అన్నీ వాడికి తెలుసు. బయట హ్యాండిల్ మాత్రం బండి గలవాడి ఒక్కడి కోసం పెట్టింది కాదు. ఎన్నడూ ఆ బండి చూడనివాడు, పేరు తెలియనివాడు, చీకట్లో చేత్తో తడిమినా దొరకాలని పెట్టింది. మన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఏబీ స్విచ్చి హ్యాండిల్ చూడండి. తీగకి ఎవరైనా తగులుకుంటే లైన్‌మన్ వచ్చేదాకా ఆగుతామా? ఎవడు దగ్గరుంటే వాడు కిందకి లాగాలి. దాన్ని అందం కోసం దాచేస్తే ఎలా ఉంటుంది?

ఇది ఆ పాత బండ్ల పిచ్చివాళ్ళ బాధ మాత్రమే అనుకున్నాను. సెప్టెంబరులో తిరిగొచ్చాక పేపర్లో చూశాను. 2025 సెప్టెంబరులో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ టెస్లా మోడల్ వై కార్ల మీద, 2021 మోడల్వి సుమారు 1,74,000 బండ్ల మీద విచారణ మొదలుపెట్టింది. బయట తలుపు హ్యాండిళ్ళు కరెంటువి. చిన్న బ్యాటరీ వోల్టేజి పడిపోతే అవి పనిచేయట్లేదని ఫిర్యాదులు. తల్లిదండ్రులు దిగి, వెనక సీట్లో పిల్లలుండగా తలుపు మళ్ళీ తెరుచుకోక అద్దాలు పగలగొట్టినవాళ్ళున్నారు. సరదాకి పాత బండిని గొరిగినవాళ్ళకి వచ్చిన సమస్యే, కోట్లు పెట్టి ఫ్యాక్టరీ కట్టినవాళ్ళకీ వచ్చింది. తర్వాత నెల, అక్టోబరు 24 తెల్లవారుజామున, మన కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయిన సంగతి మీ అందరికీ తెలుసు. అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్ళు బతికారు. దాని గురించి ఇంతకంటే రాయను, ఆ కుటుంబాలు మనవాళ్ళవే.

డాలస్‌కి వస్తే, వారం రోజులు ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అల్లుడుగారికి మనసు చివుక్కుమంది, నాకు తెలుస్తోంది. రెండేళ్ళుగా కలగన్న బండి. నేను ఆయన వైపు మాట్లాడలేదు, అమ్మాయి వైపూ మాట్లాడలేదు. ఏమైనా అంటే ఇద్దరిలో ఒకరికి తగులుతుంది. గ్యారేజీలోకి వెళ్ళి పనిముట్లు తుడిచి పెట్టాను. ఆ తర్వాత శనివారం ఆయనే వచ్చి, "మావయ్యగారూ, రెండో వైపు హ్యాండిల్ వదిలేద్దామండి" అన్నారు. డ్రైవరు వైపు అప్పటికే పూడ్చేశాం, అది నున్నగానే ఉంటుంది. పిల్లాడు ఎక్కే వైపు పాత హ్యాండిల్, బటన్ నొక్కితే తెరుచుకునేది, అలాగే. ఆ వైపు సోలనాయిడ్ కూడా ఉంచాం, రిమోట్ నొక్కితే అదీ తెరుచుకుంటుంది, హ్యాండిల్‌తోనూ తెరుచుకుంటుంది. ఒకవైపు మీసం గొరిగిన మనిషిలా ఉందని నేనంటే ఆయనే ముందు నవ్వారు. పెట్రోలు ట్యాంకు వెనక్కి మార్చే పని కూడా చీటీలో మొదటికి ఎక్కింది.

ఆ రిటైరైన పెద్దాయన వచ్చి బండి చుట్టూ తిరిగి, హ్యాండిల్ ఉన్న వైపు ఆగి తల గోక్కున్నాడు. అల్లుడుగారు వివరించారు. ఆయన ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. నాకు తెలుగులో చెప్పలేదు. ఏదో మోటు మాటై ఉంటుంది.

ఇక్కడెవరైనా పాత జీపుకో అంబాసిడర్‌కో ఇలాంటిది చేయించాలనుకుంటే, కిట్టు ఆన్‌లైన్లో దొరుకుతుంది, వైరింగు మన ట్రాక్టరు ఎలక్ట్రీషియన్ ఎవరైనా చేస్తాడు. బందులు ముందు బాగుచేయించండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే. బ్యాటరీ తలుపులు మూసుకుపోయే చోట పెట్టొద్దు. బిగించాక ఒకసారి బ్యాటరీ కేబుల్ ఊడదీసి, ఆ బండి సంగతి ఏమీ తెలియని మనిషిని పిలిచి, తెరవమనండి.

అల్లుడుగారు నిన్న వీడియో పంపారు. ట్యాంకు దించేశారు. సీటు వెనక ఖాళీ అయిన చోట మనవడు బొమ్మలు పెట్టుకున్నాడు. మా మిరప రెండో కలుపు నడుస్తోంది, కూలీలు దొరకట్లేదు, దాని గురించి వచ్చే పోస్టులో.